వణకని చట్రం

లారీకి చాసీ ఉంటుందని బాలామణికి తెలుసు. తుపాకీకి కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

షూటింగ్ రేంజి వెనకున్న రేకుల షెడ్డులో, పొడుగాటి బల్ల మీద మూడు చట్రాలు పరిచి ఉన్నాయి. గొట్టం లేదు, బోల్టు లేదు, ట్రిగ్గరు లేదు. ప్రాణం తీసి పక్కన పెట్టిన బొందెల్లా ఉన్నాయవి. వాటిని చూసి బాలామణి కొంగు భుజం చుట్టూ లాక్కుంది. గుండు వదిలేది గొట్టమే అయినా, దాన్ని మనిషి చెంపకూ భుజానికీ కుదురుగా ఆనించేది ఈ చట్రమేననీ, అది కుదరకపోతే ఎంత మంచి గొట్టమైనా దండగేననీ కోచ్ యేసుదాసు ఆమెకు ఓపిగ్గా చెప్పాడు.

మొదటిది చెక్కది. ఆమె కూతురు సింధూజ ఇన్నాళ్లూ కాల్చింది దానితోనే. వానలు పడితే చెక్క ఉబ్బి గొట్టానికి ఒరుసుకుంటుంది, గుండు పక్కకు పోతుంది. రెండోది అల్యూమినియంది. చెంప ఎత్తు ఒక మరతో, భుజం పొడవు ఇంకో మరతో ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు బిగించుకోవచ్చు. మూడోది బూడిదరంగులో ఉంది. చెక్కా కాదు, లోహమూ కాదు. తాకితే చెవితమ్మెలా మెత్తగా, కాస్త వెచ్చగా ఉంది. బాలామణి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది పేలదు గద సార్?"

"చట్రం ఎట్ల పేలుతదమ్మా? మీ ఇంట్ల మంచం పేలుతదా?" అన్నాడు యేసుదాసు.

"ఏమో సార్, గ్యాస్ సిలిండర్లు పేల్తలేవా?"

"అమ్మా, ఊకో. ఇజ్జత్ తీయకు," అంది సింధూజ పళ్ల మధ్య నుంచి.

మూడో చట్రం తయారుచేసిన డాక్టర్ నళిని నవ్వలేదు. ముందు చెక్క చట్రానికి ఎర్రచుక్క పడే చిన్న దీపం బిగించి సింధూజ చేతికిచ్చింది. అవతలి గోడ మీద చుక్క పడింది. పిల్ల ఊపిరి బిగబట్టి రాయిలా నిలబడ్డా చుక్క మాత్రం ఉండుండి ఎగురుతోంది, వల్లో పడ్డ పిచ్చుకలా.

"అది అమ్మాయి గుండెండీ," అంది నళిని. "కొట్టుకున్నప్పుడల్లా గొట్టం వెంట్రుకవాసి కదులుతుంది. యాభై మీటర్ల దూరంలో ఆ వెంట్రుకవాసే గెలుపూ ఓటమీ."

తర్వాత బూడిదరంగు చట్రం ఇచ్చింది. మొదట చుక్క అలాగే ఎగిరింది. కాసేపటికి ఎగరడం తగ్గింది. పిల్ల గుండె పైకి తన్నినప్పుడల్లా చట్రం అంతే మేర కిందికి ఒదుగుతోందట. ఇది ఇంకా పరిచయమే, పూర్తిగా నేర్చుకోవాలంటే కొన్ని వారాలు పిల్లను అంటిపెట్టుకుని ఉండాలి, ముఖ్యంగా నిద్రలో, అని చెప్పింది నళిని.

"ఒక్కటే జాగ్రత్త. ఇంకెవరూ దీన్ని హత్తుకోకూడదు. రెండో గుండె కలిస్తే నేర్చుకున్నదంతా పాడైపోతుంది."

"చెక్కదే మంచిగుండె బిడ్డా. అలవాటైన పాణం," అని గొణిగింది బాలామణి.

సింధూజ తల్లివైపు చూడనైనా చూడలేదు. బూడిదరంగు చట్రం మీద చెంప అలాగే ఆనించి, "ఇది," అంది. ఎండాకాలం చివర్లో దేశపు జట్టుకు ఎంపిక పోటీలున్నాయి. అప్పటిదాకా ఆ పిల్లకు లోకంలో ఇంకేమీ లేదు.

*

మౌలాలిలో వాళ్లది ఒక గది, ఒక వంటిల్లు ఉన్న పోర్షను. బాలామణి భర్త బతికున్నన్నాళ్లూ బ్యాంకు గేటు పక్కన స్టూలు మీద తుపాకీ పట్టుకుని కూచున్నాడు. ఒక్క గుండయినా కాల్చకుండానే డెంగీ జ్వరంతో పోయాడు. సెలవుల్లో ఆ స్టూలు పక్కన ఆడుకున్న పిల్లకే ఈ తుపాకీ పిచ్చి పట్టింది. బాలామణి ఏడో తరగతి దాకా చదివింది. చీరలకు ఫాల్సూ పికో కుట్టి ఇల్లు నడుపుతుంది.

భయపడటంలో మాత్రం ఆమెది పెద్ద చదువే. సింధూజ కంటే ముందు పుట్టిన మగపిల్లాడు ఉయ్యాల్లో నిద్రపోయి మళ్లీ లేవలేదు. అప్పట్నుంచీ బాలామణికి నిద్రంటే నమ్మకం పోయింది. సింధూజ పుట్టిన రోజు నుంచి ఒకే మంచం మీద పడుకుని, పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచేది. అరచేతి కింద గుండె తపతపలాడితే ఆమె రెప్ప వాలేది. పిల్లకు ఇరవై రెండేళ్లొచ్చినా ఆ చెయ్యి ఆ చోటు మరవలేదు.

ఇప్పుడా మంచం మీద ఇద్దరి మధ్యా చట్రం వచ్చి పడుకుంది. గొట్టమూ బోల్టూ రేంజిలోనే తాళం వేసి ఉంటాయి. ఇంటికొచ్చేది ఆ బూడిదరంగు ఒళ్లొక్కటే. సింధూజ దాన్ని చెంపకూ ఛాతీకీ హత్తుకుని అటు తిరిగి పడుకునేది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బాలామణి కొన్నాళ్లు తన పొట్ట మీదే పెట్టుకుని పైకప్పు చూసింది.

పగలు మాత్రం మామూలే. పిల్ల గడప దాటిందో లేదో ఫోను.

"బస్సెక్కినవా?"

"ఎక్కిన."

"కిటికీ కాడ కూసోకు. చెయ్యి బయట పెట్టకు."

"అమ్మా! నేను తుపాకీ కాల్చనీకి పోతున్ననే! నువ్వేమో చెయ్యి బయట పెట్టకంటవ్. దిమాక్ తినకు, పెట్టెయ్!"

అలా విసిరికొట్టినట్టు మాట్లాడి పెట్టేసేది సింధూజ. ఆ విసురు వినగానే బాలామణి హమ్మయ్య అనుకుని మిషను తొక్కేది. విసుక్కుందంటే బాగున్నట్టే.

కొన్ని వారాలు గడిచాయి. సింధూజ గుళ్లన్నీ నల్లచుక్క నడిబొడ్డునే పడుతున్నాయనీ, ఇలాంటి కాల్పు తన సర్వీసులో చూడలేదనీ యేసుదాసు ఫోను చేసి చెప్పాడు. బాలామణి సంతోషపడింది. సంతోషపడ్డందుకు ఏం కీడు మూడుతుందోనని వెంటనే ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది.

ఒకరోజు మామూలుగానే ఫోను చేసింది. "బస్సెక్కినవా? కిటికీ కాడ కూసోకు."

"సరే అమ్మా."

బాలామణి చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని కూచుంది. విసుగు రాలేదు. కావాలని మళ్లీ చేసింది. మళ్లీ, మళ్లీ చేసింది.

"సరే అమ్మా. కూసోను. ఇంకేమన్న చెప్పాల్నా?"

పక్క పోర్షను యాదమ్మతో మొర పెట్టుకుంటే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "బిడ్డ మాట ఇంటలేదని ఏడ్చే తల్లుల్ని చూసిన గని, ఇంటున్నదని ఏడ్చేదాన్ని నిన్నే చూసిన బాలామణీ! మా పోరి నోరు కూడ అట్లనే ముయ్యాలె, గా కట్టె ఎక్కడ దొరుకుతదో చెప్పు!"

అదీ బాలామణి ఖర్మ. నెలకోసారి పులి వచ్చిందని అరిచే మనిషి మాట, పులి నిజంగా వచ్చిననాడు ఎవరు నమ్ముతారు?

*

ఆదివారం పొద్దున పట్టుచీరకు పికో కొడుతూ బాలామణి ఆలోచనలో పడింది. మిషను సూది చూపుడువేలి గోట్లోంచి దిగిపోయింది. ఆమె కేక వీధి చివరిదాకా వినబడింది.

సింధూజకు చిన్నప్పట్నుంచీ తల్లి ఒంటి మీద రక్తం చూస్తే కాళ్లు తేలిపోతాయి. ఒకసారి కత్తిపీట మీద బాలామణి వేలు తెగితే, తెగిన మనిషి కూతురి మొహాన నీళ్లు చల్లాల్సి వచ్చింది. అలాంటిది ఇవాళ నడిచి వచ్చింది. పరిగెత్తలేదు. మిషను చక్రం వెనక్కి తిప్పింది. సూది పైకి లేచింది. వేలు కడిగింది, పసుపు అద్దింది, గుడ్డ చుట్టింది. చీర మీద పడ్డ చుక్క ఆరకముందే తడిగుడ్డతో తుడిచింది. ఒక్క పనీ తప్పు లేదు.

"నొప్పి ఉన్నదా అమ్మా? ఇంజక్షన్ ఇప్పియ్యాలె. ఆటో పిలుస్త."

బాలామణి మంచి చేతిని కూతురి ఛాతీ మీద పెట్టింది. గోడగడియారం మీద పెట్టినట్టుంది. ఒక్క తాళమైనా తప్పలేదు. వేలి నొప్పి మరచిపోయి ఆమె మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

మర్నాడు రెండు బస్సులు మారి నళిని ప్రయోగశాలకు వెళ్లింది. "నా బిడ్డ నన్ను తిడ్తలేదు మేడం," అంటే నవ్వుతారేమోనని దారంతా వేరే మాటలు వెతుక్కుంది. దొరకలేదు. ఆ మాటే అంది.

నళిని నవ్వలేదు. కుర్చీ జరిపి దగ్గరగా కూచుంది.

"చట్రమొక్కటే నేర్చుకుంటుందనుకున్నామండీ. గుండె కూడా నేర్చుకుంది. ఉయ్యాల ఊపగా ఊపగా పిల్లకు ఊపే అలవాటైపోతుంది చూడండి, అలా. ఎగిరినప్పుడల్లా ఎదురుగా ఒకటి సర్దుతుంటే, ఎగరడమెందుకని గుండె మానుకుంది."

"మళ్ల వస్తదా?"

"ఇప్పుడు ఆపితే రావచ్చు. పోటీల దాకా సాగితే చెప్పలేను." నళిని చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "మొదటి చట్రం నా మీదే పెట్టుకుని చూశాను, ఏడాది పాటు. మా నాన్న పోయిన రోజు వచ్చినవాళ్లందరికీ నేనే వడ్డించాను. ఎవరికి పెరుగు అందలేదో కూడా చూసుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. అది లాభమో నష్టమో నాకింకా అంతు పట్టలేదండీ."

"మరి నా బిడ్డకు ముందుగాల చెప్పద్దా మేడం?"

"చెప్పాను. నెల కిందటే లెక్కలన్నీ చూపించాను. మీకు చెప్పొద్దంది."

*

ఇంటికొచ్చేసరికి సింధూజ చట్రాన్ని ఒళ్లో పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. బాలామణి చెప్పులు విప్పకుండానే అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి పట్టుకున్నవా? గుండె ఎండిపోతదని తెలిసి?"

"కూసో అమ్మా. చెప్పులిప్పు. చెప్త." సింధూజ గొంతు అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా ఉంది. "నువ్వు రోజూ నా ఛాతీ మీద చెయ్యేస్తవు గదా. బతికున్ననో లేనో చూస్తవు. నేను నిద్రపోయిననుకునేదానివి. పోకపోయేదాన్ని. నాక్కూడా అనుమానమే, బతికున్ననా లేనా అని. నీ చెయ్యి కింద నా గుండెను నేను కూడ లెక్కపెట్టుకునేదాన్ని. గీ పోటీల నిలబడ్డప్పుడు కూడ అదే లెక్క. నీ భయం నాకంటింది అమ్మా, తట్టు అంటినట్టు. గిది పట్టుకున్నంక పోయింది. ఇప్పుడు చూసుకుంటలేను."

కోపంగా అని ఉంటే బాలామణి ఏదో ఒకటి అనేది. తానూ నాలుగు అరిచేది, ఇద్దరూ ఏడ్చేవాళ్లు, రాత్రికి పప్పు చారు పోసుకుని తినేవాళ్లు. కోపం లేని మాట విని ఆమె వంగి చెప్పులు విప్పుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో గొడవన్నదే లేదు. చెప్పినవన్నీ వినే పిల్లతో చెప్పడానికి బాలామణికి మాటలు అయిపోయాయి. పొద్దున కాల్పుల సాధన ముగించుకుని వచ్చి సింధూజ చట్రాన్ని మంచం మీద పెట్టేది, సాయంత్రం పరుగుకు వెళ్లేది. ఆ కాసేపట్లో గది మరీ పెద్దదైనట్టు ఉండేది. ఒకరోజు బాలామణి మిషను ఆపి, మంచం దగ్గరికి వచ్చి, చట్రం మీద చెయ్యి వేసింది.

అది వెచ్చగా ఉంది. లోపల ఏదో సన్నగా ఒదుగుతోంది, లేస్తోంది. పిల్ల గుండెను ఇన్ని వారాలుగా విన్నది ఇదే. పిల్ల పాత గుండె, పిచ్చుకలా ఎగిరే గుండె, పోయి పోయి ఇందులోనే దాగిందేమో. మెల్లగా పక్కన ఒరిగి, దాన్ని దగ్గరికి తీసుకుని, చెంప ఆనించింది. చాన్నాళ్లకు కంటి మీద కునుకు పడింది.

ఇంకెవరూ హత్తుకోకూడదన్న మాట ఆమెకు గుర్తు లేక కాదు. ఇంకెవరూ అన్న లెక్కలో కన్నతల్లి వస్తుందని ఆమె బుద్ధికి తోచలేదు. చంటిపిల్లను ఎవరికీ ఇవ్వకూడదని డాక్టరు చెబితే తల్లి ఎత్తుకోవడం మానేస్తుందా? రోజూ సాయంత్రం సింధూజ బూట్లు వేసుకుని వెళ్లగానే బాలామణి మిషను ఆపేది. చట్రాన్ని గుండెలకు హత్తుకుని, పిల్ల రోడ్డు దాటుతోందేమో, కుక్కలు వెంటబడ్డాయేమో, పడిపోయిందేమో అని వరసగా భయపడుతూ పడుకునేది. గేటు చప్పుడు కాగానే దాన్ని ఉన్నచోటే పెట్టి లేచేది.

*

పోటీలు దగ్గరికొచ్చాయి. ఒకరోజు సింధూజ రేంజి నుంచి మామూలు వేళ కంటే ముందే వచ్చింది. చట్రం ఆమె చేతిలో లేదు.

"అమ్మా, నువ్వు దాన్ని పట్టుకున్నవా?"

బాలామణి మిషను మీది చీర మడతలు సర్దింది.

"ఇవాళ ఒక్క గుండు కూడ లోపల పడలే. నా గుండె కదలకున్నా అదే ఎగురుతున్నది. కుక్క మొరిగితే ఉలికిపడ్డది. కోచ్ సార్ తలుపేస్తే ఉలికిపడ్డది. నేను చెంప పెట్టంగనే గుర్తుపట్టిన." సింధూజ మంచినీళ్లు తాగి గ్లాసు బోర్లించింది. "అచ్చం నువ్వే."

"నేను తల్లినే గదనే… పరాయిదాన్నా…"

"నళిని మేడం చూసింది. మళ్ల మొదటి నుంచి నేర్పాల్నంట. పోటీలు అయిపోతయి."

బాలామణి నేల మీద కూలబడింది. ఆ క్షణాన ఆమె కోరుకుందల్లా ఒక్కటే. పిల్ల గ్లాసు విసిరికొట్టాలి. నోటికొచ్చినట్టు తిట్టాలి. "నా బతుకు నాశనం చేసినవ్" అనాలి. "తిట్టే! నన్ను తిట్టే బిడ్డా!" అని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

"ఎందుకమ్మా?" అంది సింధూజ. నిజంగానే అర్థం కాక అడిగింది. "నువ్వు కావాలని చెయ్యలే గదా. అల్యూమినియందానికి మారుస్త."

యేసుదాసు అల్యూమినియం చట్రానికి మరలు బిగించాడు. చెంప ఎత్తు సరిచేశాడు, భుజం పొడవు సరిచేశాడు. అది ఏదీ నేర్చుకోని వస్తువు. ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. మంచం మీద మధ్యచోటు ఖాళీ అయింది. కానీ బాలామణి అక్కడికి చెయ్యి చాపలేదు. చాప తెచ్చుకుని వంటింట్లో పడుకుంది. తన గుండె కూడా అంటుకునేదేనని ఇప్పుడామెకు తెలుసు. పిల్ల గుండె తిరిగొస్తే ఒంటరిగానే రావాలి, తన భయం ఊతగా కాదు. ఉలికిపడి లేచి గది గుమ్మం దాకా వెళ్లేది. అక్కడే ఆగి, గోడకు చెయ్యి ఆనించి, వెనక్కి వచ్చేది. ఆమె జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

*

ఎంపిక పోటీలనాడు షూటర్ల వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లిదండ్రులు కూచున్నారు. ఒక్కొక్కరి గురీ ఎక్కడ పడిందో తెరల మీద కనబడుతోంది. బాలామణి చివరి వరసలో కూచుంది. జట్టులోకి ముగ్గుర్నే తీసుకుంటారు. మోకాలి మీద కూచుని కాల్చే వరసలోనూ, బోర్లా పడుకుని కాల్చే వరసలోనూ సింధూజ మూడో చోటులో నిలిచింది. ఇక మిగిలింది నిలబడి కాల్చేది. గుండె దాచుకోవడానికి వీల్లేనిది అదే.

మొదటి గుళ్లు బాగానే పడ్డాయి. తర్వాత ఒకటి పక్కకు పోయింది. సింధూజ తుపాకీ దించింది, మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది. ఇన్ని వారాల్లో ఆ పిల్ల చేతికి చెమట పట్టడం బాలామణి చూడలేదు. ఆమె కుర్చీ అంచుకు జరిగింది.

ఇంకో గుండు. ఇంకాస్త పక్కకు. సింధూజ భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. తెర మీద ఆమె పేరు ఒక మెట్టు కిందికి జారింది. పక్కనున్న ఆమె "అయ్యో పాపం, మీ అమ్మాయా?" అని బాలామణి చెయ్యి పట్టుకుంది. బాలామణి తల ఊపింది. లోపల మాత్రం ఏదో పొంగుకొస్తోంది. వణుకుతోంది. నా బిడ్డ వణుకుతోంది. అది ఎలాంటి పాడు సంతోషమో ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏళ్ల తరబడి పిల్ల కట్టుకున్నదంతా కళ్ల ముందే కూలుతోంది. కూల్చింది తనే. అయినా పెదవులు ఆమె మాట వినలేదు. కొంగు అడ్డం పెట్టుకునే లోపే మొహమంతా విచ్చుకుంది.

ఆఖరి గుండు కాల్చి సింధూజ వెనక్కి తిరిగింది. అన్ని కుర్చీల్లోంచి తల్లినే వెతికి పట్టుకుంది. చూసింది.

బయట వ్యాను దగ్గర తుపాకీ పెట్టె కింద పెట్టి నిలబడి ఉంది సింధూజ. బాలామణి దగ్గరికి రాగానే అంది.

"నవ్వినవ్."

"బిడ్డా, నేను…"

"నేను ఓడిపోతుంటే నవ్వినవ్! నేను చూసిన!" గొంతు పగిలింది. మొహమంతా ఎర్రగా కందిపోయింది. "ఇదే గద నీకు కావాల్సింది? దొరికింది గద? ఇగ పా, ఇంట్ల కూసుందాం, ఒకళ్ల ఛాతీ మీద ఒకళ్లం చెయ్యేసుకొని! నువ్వు సచ్చినవా అని నేను, నేను సచ్చిన్నా అని నువ్వు!"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. సింధూజ మెడ పక్కన నరం చర్మం కింద టకటకా ఎగురుతోంది. బాలామణి చూపు దాని మీదే ఉంది. ముట్టుకోవాలని చెయ్యి లేచింది. సింధూజ ఆ చేతిని విదిలించి కొట్టింది.

"నాకు ఫోన్ చెయ్యకు. రేంజి హాస్టల్ల ఉంట ఇగ."

పెట్టె వ్యానులోకి తోసి, తనూ ఎక్కి, తలుపు ధడేలున వేసుకుంది. వ్యాను గేటు దాటి పోయింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, కళ్లు తుడుచుకోవడానికి మళ్లీ లోపలికి పోయింది.

యేసుదాసు వెనక నుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏడ్వకమ్మా. ఇదే ఆఖరు గాదు. వచ్చేసారి చూస్కుందాం."

బాలామణి తల ఊపింది. నా బిడ్డ నన్ను తిట్టింది సార్, నలుగురిలో నిలబెట్టి తిట్టింది అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే ఈయన తనను మనిషి అనుకోడు. యాదమ్మకు చెబితే నవ్వుతుంది. ఇంకెవరికి చెప్పుకోవాలా అని ఆలోచించుకుంటూ బస్టాండు వైపు నడిచింది. బస్సొచ్చింది, ఎక్కింది. అలా చెప్పుకోదగ్గ మనిషి పేరు ఒక్కటీ ఇంకా గుర్తుకు రాలేదు.